“నేనిచ్చట నున్నాను”

రేడియో యనగానే పాటయు, వార్తయు మనకు తలపునకు వచ్చును. “నేనిచ్చట నున్నాను” అను నొక్క మాటను మోయుటకై హామ్ రేడియో ఔత్సాహికులు నడుపు ప్రసారము వేరొకటి కలదు.

దీనికి మూలపురుషుడు అమెరికాకు చెందిన బాబ్ బ్రూనింగా. 1982లో ఆయన నౌకాదళపు స్థాన నివేదికలను కంప్యూటరు పటముపై గుర్తించెను. 1984లో నూరు మైళ్ళ గుఱ్ఱపు పందెమున ఏ గుఱ్ఱ మెచ్చట నున్నదో తెలియుటకు ఆ పద్ధతియే అక్కరకు వచ్చెను. ఓడలకన్న గుఱ్ఱములే దానికి మంచి పరీక్ష పెట్టినవని మేము తలంతుము. 1992 నాటికి దానికి ఎ.పి.ఆర్.ఎస్. అను పేరు స్థిరపడినది.

ఉత్తర అమెరికాలో ఈ సంకేతములు 144.39 మెగాహెర్ట్జులపై సాగును. కొండ అడ్డమైనచో ఆగిపోవును. 1990ల కడపట ఇంటర్నెట్టు తోడైనది. ఔత్సాహికుడు తన యింట రేడియోను, కంప్యూటరును రేయింబవళ్లు నడిపి, విన్న సంకేతము నెల్ల ఇంటర్నెట్టున కందించును. అట్టి కేంద్రమునకు ఐ-గేటు అని పేరు. ప్రతిఫల మేమియు లేదు.

అయినను పెక్కు కేంద్రములు వినుటతోనే సరిపుచ్చుకొనును. అట్టిది బాటసారి జాడను లోకమునకు చూపును గాని, అతనికి బదులు చేర్చలేదు. తన పద్ధతి కేవలము బండ్ల జాడ తీయుటకు గాదనియు, మనుష్యులు ఒండొరులతో మాటాడుకొనుటకనియు 2022లో గతించిన బ్రూనింగా పలుమార్లు చెప్పియుండెను. ఆ మాట సబబని మా యభిప్రాయము. ఇంటర్నెట్టునుండి వచ్చిన జాబును, తాను ఇటీవల విన్న సమీప స్టేషనుకు తిరిగి ప్రసారము చేయు ఐ-గేటులును కలవు. వానికి ప్రసారయంత్రమును, హామ్ లైసెన్సును కావలెను.