నాలుగు ప్రాసెసర్ల యంత్రం - మూడో బోర్డు కథ

ఇవాళ మన జేబులోని సెల్‌ఫోనులోనే ఆరో ఎనిమిదో ప్రాసెసర్ కోర్లు ఉంటున్నాయి. పనిని పంచుకుని చేసే ఈ ఏర్పాటు నిన్నమొన్నటిది కాదు. 1962లోనే బరోస్ కంపెనీ అమెరికా నౌకాదళ పరిశోధనాలయానికి డి-825 అనే యంత్రాన్ని ఇచ్చింది. అందులో ఒకే మెమరీని వాడుకునే ప్రాసెసర్లను నాలుగు దాకా పెట్టుకోవచ్చు. మన సంఘం పుట్టిన కాలానికి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పదహారు పీడీపీ-11 మినీ కంప్యూటర్లను కలిపి నడిపే ప్రయోగం సాగుతోంది. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డి గారు ఆ రోజుల్లో అక్కడే, మనిషి మాటను కంప్యూటరుకు అర్థమయ్యేలా చేసే పనిలో ఉన్నారు. 1994లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

మన దేశానికి ఈ దారి అవసరం కొద్దీ వచ్చింది. 1980లలో పెద్ద సూపర్ కంప్యూటర్లు అమ్మడానికి అమెరికా ఆంక్షలు పెట్టింది. ఒక్క పెద్ద ప్రాసెసరు దొరకనప్పుడు చిన్నవాటిని కలిపి పని చేయించుకోవాలి గదా! బెంగళూరులోని నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీ 1986లో ఫ్లోసాల్వర్‌ను నిర్మించింది. 1988లో పుణెలో ఏర్పడిన సీ-డాక్, 1991లో ట్రాన్స్‌ప్యూటర్ చిప్పులతో పరమ్ 8000ను తెచ్చింది. హైదరాబాదులో డీఆర్‌డీఓ వారి అనురాగ్ సంస్థ పేస్ అనే సమాంతర కంప్యూటరును రూపొందించింది.

ఆ ఊపులోనే కొన్ని ఇంజినీరింగ్ కళాశాలలకు కూడా బహుళ ప్రాసెసర్ల యునిక్స్ యంత్రాలు వచ్చాయి. అలాంటిది ఒకటి 1992లో మన ప్రాంతపు కళాశాలకు వచ్చింది. బీరువా అంత పెట్టె, నాలుగు ప్రాసెసర్ బోర్డులు, చుట్టూ టెర్మినళ్ళు. ఆ ల్యాబ్ సహాయకుడు మన బడిలో నాకంటే మూడేళ్ళు ముందు చదివినవాడు. మేమంతా అన్నయ్య అనే పిలుస్తాం. పదేళ్ళ పాటు ఆ యంత్రం లాగ్‌బుక్కు ఆయన చేతిరాతలోనే ఉంది.

1998 ఎండాకాలం నుంచి మధ్యాహ్నం పూట యంత్రం ఆగిపోవడం మొదలైంది. ఒకసారి మెమరీ తప్పు అని చూపేది, ఒకసారి ఏమీ చెప్పకుండానే నిలిచిపోయేది. మరమ్మతుకు వచ్చినవారు మూడో బోర్డు తీసి చూశారు. మిగిలిన మూడింటితో యంత్రం చక్కగా నడిచింది. దాంతో మూడో బోర్డు చెడిందని తేల్చారు. దుమ్ము దులిపేటప్పుడు సహాయకుడే దాన్ని పాడుచేసి ఉంటాడన్న మాట కూడా పుట్టింది. కాగితం మీద ఎవరూ ఏమీ రాయలేదు గానీ, ఆయన ఉద్యోగ విరమణ దాకా ఆ మాట ఆయన వెంటే ఉంది.

2001లో యంత్రాన్ని పక్కన పెట్టారు. 2022లో పాత ఇనుము కింద వేలం వేస్తారని తెలిసి, యాజమాన్యం అనుమతితో మేం నలుగురం పూర్వ విద్యార్థులం దాన్ని తెచ్చుకున్నాం. పవర్ సప్లై పూర్తిగా పోయింది. ఇన్నేళ్ళు మూలపడి ఉన్న యంత్రాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. ముందు విప్పి చూశాం. ఫ్యూజు ఎగిరిపోయి ఉంది, స్విచ్చింగ్ ట్రాన్సిస్టర్ ఒకటి షార్టయింది. అవి మార్చి ఊరుకుంటే యంత్రం వెలిగేదేమో గానీ అసలు సంగతి బయటపడేది కాదు.

అసలు సంగతి ఔట్‌పుట్ వైపున్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో ఉంది. వీటి లోపల తడి ద్రావణం ఉంటుంది. వేడికి అది మెల్లగా ఆరిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే వీటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజినీర్లు లెక్క కడతారు. ఆరిపోయిన కెపాసిటరు కరెంటులోని అలలను అణచలేదు. ఈ యంత్రంలో ఒక్కో బోర్డు అయిదు వోల్టుల దగ్గర సుమారు 15 ఆంపియర్లు లాగుతుంది. నాలుగూ కలిస్తే 60 ఆంపియర్లు, అంటే 300 వాట్లు. ఆ తరం చిప్పులు చాలావాటికి 4.75 వోల్టులకు తగ్గకుండా అందాలి. మల్టీమీటరు సగటును మాత్రమే చూపుతుంది. క్షణంలో వేలవంతు సేపు వోల్టేజి పడిపోయి లేస్తే దానికి తెలియదు, ప్రాసెసరుకు తెలుస్తుంది.

1998 నాటి లాగ్‌బుక్కులో అన్నయ్య రాసిన రీడింగు 4.9 వోల్టులు. చూసినవారికి అంతా సవ్యంగానే కనబడింది. ఆసిల్లోస్కోపు పెట్టి ఉంటే లోతు తెలిసేది. ఏ బోర్డు తీసినా బరువు తగ్గి యంత్రం నడిచేదే. ఆ రోజు చేతికి దగ్గరగా ఉన్నది మూడోది, అంతే.

కెపాసిటర్లన్నీ మార్చాం. పాతవాటిని పారేయకుండా, ఏది ఎక్కడిదో రాసి కవర్లో పెట్టాం. ముందు బోర్డులు లేకుండా, పవర్ రెసిస్టర్లను బరువుగా పెట్టి సప్లైని గంటల తరబడి నడిపాం. వోల్టేజి నిలబడిందని స్కోపులో చూశాకే బోర్డులు ఒక్కొక్కటిగా ఎక్కించాం. డిస్కును వేరే యంత్రంలో పెట్టి ముందే నకలు తీశాం. చివరికి, ఇరవై నాలుగేళ్ళుగా "చెడినది" అన్న చీటీతో అట్టపెట్టెలో ఉన్న మూడో బోర్డును పెట్టాం. తెరమీద నాలుగు ప్రాసెసర్లూ ఉన్నట్టు చూపింది. మూడు రోజులు ఆపకుండా నడిపాం. ఒక్కసారి కూడా ఆగలేదు.

అన్నయ్యను పిలిపించాం. ఆయన తెరవైపు కాసేపు చూసి, లాగ్‌బుక్కు అడిగారు. చివరి పేజీలో తారీఖు వేసి, "మూడో బోర్డు బాగానే ఉంది" అని రాసి సంతకం పెట్టారు. కాఫీ తాగి వెళ్ళారు.

మన బడి పిల్లలు ఇవాళ ఎన్నో సంస్థల్లో, ల్యాబుల్లో ఉన్నారు. మీ దగ్గర ఏ గోదాములోనైనా ఇలాంటి పాత యంత్రం కనబడితే దయచేసి స్విచ్చి వేయకండి, తూకానికి కూడా ఇవ్వకండి. ముందు దాని లాగ్‌బుక్కు వెతికి భద్రం చేయండి. కెపాసిటర్లు బజారులో దొరుకుతాయి. పక్కన నిలబడి రోజూ రాసిన మనిషి చేతిరాత ఇంకెక్కడా దొరకదు.