తెర దాటిన తరంగము

రాయచూరు జిల్లాలోని మట్మారి మీదుగా సాగు ఇనుపదారి, 1871లో మద్రాసు రైల్వేయు, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేయు రాయచూరున కలిసికొన్ననాటి దారియే. ఆ పట్టాల ప్రక్కనే నడచిన తంతితీగ, దూరమున జరుగుదానిని కూర్చున్నచోటనే యెరుగవచ్చునని ఈ మెట్టపల్లెలకు చూపినది. విద్యుత్తరంగమును తెరపై గీతగా చూపు ఆసిలోస్కోపు కథయు ఆ తెరువుననే నడచినది.

1897లో స్ట్రాస్‌బర్గున కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ కాథోడు కిరణనాళికను నిర్మించి, అదృశ్యమైన విద్యుత్తరంగమునకు రూపము కల్పించెను. అయితే ఆ రూపము క్షణికము. తెర యెదుట నిలిచినవానికే దర్శనము. కావున తరువాతి కాలమున ప్రయోగశాలలలో తెరకు నల్లని గొట్టము తొడిగి, దానికి పోలరాయిడు కెమెరా బిగించి, పచ్చని గీత మెరసిన తరుణమున మీట నొక్కి, పిదప ఆ చిత్రముపై గళ్లు లెక్కించి కాలమును, వోల్టులను కాగితమున వ్రాసికొనెడివారు. ఎంతటి ఓపిక గల విద్య యది!

ఆ శ్రమను తగ్గించినది హ్యూలెట్ ప్యాకార్డు సంస్థ తన పరికరములను కంప్యూటరుతో కలుపుటకై రూపొందించిన తీగల పద్ధతి. 1975లో అదియే ఐ ట్రిపుల్ ఈ 488 అను ప్రమాణమైనది. 24 సూదుల కనెక్టరుతో 15 పరికరములవరకు ఒకే వరుసలో కూర్పవచ్చును. నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము 1987 నాటిది: ఆ యేటి ప్రమాణము ననుసరించి "నీ వెవరవు?" అని కంప్యూటరు అడుగగా, పరికరము తన నిర్మాత పేరును, నమూనాను, క్రమసంఖ్యను చెప్పుట నేర్చినది. 1990లో ఎస్‌సీపీఐ అను ఆజ్ఞల ప్రమాణము వచ్చి, వేర్వేరు సంస్థల యంత్రములకు ఉమ్మడిభాష నొసగెను.

తరువాతివి యూఎస్‌బీ, ఈథర్నెట్టు తీగలు. నేడు ఒక గదిలో నున్న ఆసిలోస్కోపు మీటలను వేరొక గదిలోని తెరపైనుండియే త్రిప్పుచున్నారు. తరంగము అంకెల వరుసయై వచ్చి అచ్చటనే మరల గీతగా నిలుచుచున్నది.