నెల తప్పాక రక్తం కనిపిస్తే

బుచ్చిరెడ్డిపాలెం దగ్గర కనిగిరి రిజర్వాయరు ఆయకట్టులో వరి నాట్లేసే దళిత ఆడకూలీలు రోజంతా బురదలో వంగే ఉంటారు. కడుపు పోతే మాత్రం ముందు వినబడే మాట "జాగ్రత్తగా లేదు" అనే. వైద్యం అలా చెప్పదు. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగానికి కారణం పిండంలో క్రోమోజోముల లోపం. దానికి తల్లి చేసిన తప్పేమీ లేదు. దాదాపు నలుగురు గర్భిణుల్లో ఒకరికి మొదట్లో ఎంతోకొంత రక్తం కనబడుతుంది. వారిలో చాలామందికి గర్భం నిలుస్తుంది. ఆ సంగతి తేల్చాల్సింది స్కానింగే, ఇరుగుపొరుగు కాదు.

అయితే పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. గర్భం ట్యూబులో నిలిచి ఉండొచ్చు. అది పగిలితే ప్రాణానికే ముప్పు. గంటకు రెండు ప్యాడ్ల చొప్పున రెండు గంటలు తడిసినా అంతే. బట్ట వాడేవారు (ఇప్పటికీ ఉన్నారు) ఎన్నిసార్లు మార్చారో డాక్టరుకు చెప్పాలి. రక్తం గ్రూపు నెగటివ్ అయితే అదీ చెప్పాలి, యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం పడొచ్చు.

గర్భస్రావమైన ఉద్యోగినికి ఆరు వారాల వేతన సెలవును 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టమే ఇచ్చింది. నాట్ల కూలీకి మాత్రం పనికి పోని రోజు కూలీ లేదు.