బ్యోర్డె నల్లనేల, తెల్ల దుంప

నేనుండే మాగ్డెబుర్గ్‌కు పడమట పరుచుకున్న బ్యోర్డె మైదానంలో ఏడాదికి పడే వాన 500 మిల్లీమీటర్లు. హార్జ్ కొండలు మేఘాలను అడ్డగిస్తాయి. పడమటి కనుమల చాటునున్న మన అనంతపురం సీమలో 550 దాకా పడుతుంది. లెక్కకు మనదే పైచేయి. అయినా ఇక్కడ ఎకరాకు 30 టన్నుల చక్కెర దుంప పండుతుంటే, నంబులపూలకుంట చేలల్లో శెనక్కాయ వేసినవాడు పెట్టుబడి తిరిగొస్తే చాలని మొక్కుకుంటాడు. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబితే జర్మనీ చరిత్రలో మంచి భాగమే చెప్పినట్టవుతుంది.

మొదట నేల సంగతి. 1934లో ఈ దేశం తన పొలాలన్నిటికీ మార్కులు వెయ్యడం మొదలుపెట్టినప్పుడు నూటికి నూరు ఇచ్చింది ఇక్కడి ఐకెన్‌డోర్ఫ్ అనే ఊరి పొలానికి. మిగతా పొలాలను దానితో పోల్చి కొలిచారు. లోతైన నల్లమట్టి, పడిన చినుకును పట్టి ఉంచి నెలల తరబడి వేరుకు అందిస్తుంది. మనంత ఎండ లేదు కాబట్టి తడి తొందరగా ఆరదు. మన ఎర్రనేలలో చాలాచోట్ల కాస్త తవ్వితే రాయి తగులుతుంది. ఇంతవరకూ ఎవరి చేతిలోనూ లేనిది. తర్వాతదంతా మనుషులు కూర్చుని నిర్ణయించినదే.

చక్కెర దుంప మనం కూర వండుకునే ఎర్ర బీట్‌రూట్‌కు చుట్టం, కాకపోతే తెల్లగా ఉంటుంది, కిలో దాకా తూగుతుంది. మొదటి ఏడు వేరులో తీపి దాచుకుని రెండో ఏడు పూతకు వచ్చే మొక్క. రైతు మొదటి ఏడే తవ్వేస్తాడు. 1747లో బెర్లిన్ రసాయన శాస్త్రవేత్త మార్గ్రాఫ్ ఎండిన దుంప నుంచి సారాతో తీపిని విడదీసి, అది చెరకు చక్కెరేనని చూపించాడు. ఆయన శిష్యుడు అఖార్డ్ ప్రష్యా రాజు ఇచ్చిన అప్పుతో సైలీషియాలోని కూనెర్న్‌లో ఫ్యాక్టరీ కట్టాడు. 1802లో అది నడిచింది. అప్పటి దుంపలో తీపి నూటికి ఐదారు పాళ్లే. 1806లో నెపోలియన్ బెర్లిన్‌లో ఉండగానే ఇంగ్లండు సరుకు యూరప్ రేవుల్లో దిగకూడదని ఆజ్ఞ వేశాడు. కరీబియన్ దీవుల్లో బానిసలు పండించిన చక్కెర ఆగిపోయింది, దుంప ఫ్యాక్టరీలు లేచాయి. యుద్ధం ముగిసి ఓడలు తిరిగి రాగానే జర్మనీలో దాదాపు అన్నీ మూతబడ్డాయి. అఖార్డ్ 1821లో పేదరికంలోనే పోయాడు.

దుంప చెరకుతో ఒంటరిగా తలపడి నిలిచిన కాలం నాకు ఈ చరిత్రలో కనబడలేదు. నిలిచినప్పుడల్లా వెనక సర్కారు ఉంది.

1830ల్లో ఫ్యాక్టరీలు మళ్లీ వచ్చాయి, ఈసారి దిగుమతి సుంకం అండతో. 1841 నుంచి ప్రభుత్వం వాటి మీద పన్ను వేసింది. పన్ను చక్కెర మీద కాదు, ఫ్యాక్టరీలోకి వచ్చిన దుంప బరువు మీద. తక్కువ దుంపలో ఎక్కువ చక్కెర తీసినవాడే బాగుపడతాడన్నమాట. ఈ ఒక్క నిబంధన యాభై ఏళ్లపాటు విత్తన పరిశోధనను ముందుకు నెట్టింది. మాగ్డెబుర్గ్ దగ్గరి క్లైన్ వాంట్స్‌లేబెన్ పల్లెలో రాబెట్‌గె కుటుంబం తీపి ఎక్కువున్న దుంపలను ఏరి, వాటినే విత్తనానికి నాటుతూ పోయింది. ఇప్పుడు తీపి 17, 18 పాళ్లు. విత్తనం చేసే తెలివి మనకు కొరవడిందని నేననను. మన కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కదిరి 6, కదిరి లేపాక్షి శెనక్కాయ రకాలు చేలో వేసి చూసినవాళ్లకు ఆ మాట చెప్పనక్కర్లేదు.

ఇక్కడివాళ్లు ఎక్కువగా చెప్పనిది కూలీల కథ. అప్పటి దుంప విత్తు ఒక గుత్తి. ఒక్కటి నాటితే మూడు నాలుగు మొలకలు లేస్తాయి. ఒకదాన్ని ఉంచి మిగతావి చేత్తో పీకాలి, అదీ మోకాళ్ల మీద, సాలు వెంబడి, పొద్దు వాలేదాకా. తర్వాత కలుపు. చలి మొదలయ్యాక బురదలో దుంప తవ్వడం. ఈ పనికి పోజెన్ నుంచి, పశ్చిమ ప్రష్యా నుంచి, సైలీషియా నుంచి వేలకొద్దీ కూలీలు వచ్చేవాళ్లు. వాళ్లలో పడుచు ఆడపిల్లలు చాలామంది. వాళ్లను పెట్టింది పొలాల అంచున కట్టిన బారకాసుల్లో. జర్మన్ సామ్రాజ్యం బయటి నుంచి వచ్చిన పోలిష్ కూలీలైతే చలికాలం ఇక్కడ ఉండకూడదని 1890 తర్వాత నిబంధన పెట్టారు. పని కావాలి, మనిషి వద్దు. మాక్స్ వెబర్ అంతటి పండితుడు 1892లో తూర్పు జిల్లాల పొలం కూలీల మీద పెద్ద పుస్తకం రాశాడు. ఆయన దిగులు మాత్రం తూర్పున జర్మన్లు తగ్గి పోలిష్‌వాళ్లు పెరుగుతున్నారని. కదిరి బస్టాండులో పిల్లాపాపలతో, మూటలతో బెంగళూరు బస్సు కోసం నిలబడ్డవాళ్లను చూస్తూ పెరిగిన నాకు ఆ పుస్తకం సంగతి చదువుతుంటే కోపమే వచ్చింది. 1948లో సావిట్స్కీ అనే శాస్త్రవేత్త అమెరికాలోని ఓరెగాన్‌లో ఒంటి మొలక విత్తును కనిపెట్టాక, అది 1960ల్లో ఇక్కడి పొలాల్లోకి వచ్చాక గాని ఆ మోకాళ్ల పని తగ్గలేదు.

1900 నాటికి ప్రపంచ చక్కెరలో సగానికి పైగా దుంపదే. ఎగుమతి చేసినవాడికి జర్మనీ, ఆస్ట్రియా బహుమానంగా డబ్బిచ్చేవి. సొంత జనం ఎక్కువ ధరకు కొంటుంటే ఇంగ్లండువాళ్లు చవగ్గా జాము చేసుకున్నారు. ఆ చక్కెర మన దేశపు రేవులకూ వచ్చింది. మన గానుగలు నష్టపోతున్నాయన్న గోల లేచి, 1899లో కర్జన్ ప్రభుత్వం దాని మీద అదనపు సుంకం వేసింది. 1902లో బ్రస్సెల్స్ ఒప్పందంతో ఆ బహుమానాలు ఆగాయి. 1932లో మన దేశమూ విదేశీ చక్కెర మీద రక్షణ సుంకం పెట్టింది. మన చక్కెర మిల్లులు పెరిగింది ఆ తర్వాతే.

ఇంత చక్కెర అమ్మిన జర్మనీ మొదటి ప్రపంచ యుద్ధంలో చక్కెరను రేషన్ కార్డు మీద పంచింది. రెండో యుద్ధం అయ్యాక కోసిన పొలాల్లో మిగిలిన దుంపలను జనం ఏరుకొచ్చి, తురిమి, బట్టలు ఉడకబెట్టే రాగి బానల్లో మన బెల్లం పెనం మాదిరి గంటల తరబడి కాచి, నల్లటి పాకం రొట్టె మీద పూసుకున్నారు. ఆ పాకం ఇప్పటికీ సీసాల్లో, డబ్బాల్లో అమ్ముతారు. పిండిన పిప్పి పశువులకు పోతుంది, అదీ ఈ ప్రాంతపు పాలలో, మాంసంలో కలిసిందే. ఇక్కడి యూనివర్సిటీలో చదివే మన తెలుగు పిల్లలు ఉగాదికి చేసే పాయసంలో పడేదీ దుంప చక్కెరే. బెల్లం కావాలంటే ఇండియా కొట్టుకు పోవాలి.

1945లో సోవియట్ సేన రాకముందే బ్రిటిష్‌వాళ్లు క్లైన్ వాంట్స్‌లేబెన్ విత్తనాలను, శాస్త్రవేత్తలను పడమట ఐన్‌బెక్‌కు తరలించారు. వంద హెక్టార్లు దాటిన జమీలను ఇక్కడ కొత్త ప్రభుత్వం లాక్కుంది, తర్వాత సమష్టి వ్యవసాయం. రెండు ముక్కలైన జర్మనీ మళ్లీ కలిశాక పాత ఫ్యాక్టరీలు వరసగా పోయాయి. క్లైన్ వాంట్స్‌లేబెన్‌లో మాత్రం 1994లో కొత్తది కట్టారు. సెప్టెంబరు నుంచి జనవరి దాకా అది రాత్రీ పగలూ ఆగదు.

యూరప్ తన దుంప రైతుకు కోటా ఇచ్చి, కనీస ధర ఇచ్చి, దిగుమతులకు అడ్డుకట్ట వేసి దశాబ్దాల పాటు కాచింది. దీనికి మూల్యం చెల్లించినవాళ్లలో వేరే దేశాల చెరకు రైతులూ ఉన్నారు, అది దాచను. కోటాలు 2017 సెప్టెంబరుతో ముగిశాయి. ఆ తర్వాత ధర పడి కొన్ని ఫ్యాక్టరీలు మూతబడ్డాయి. ఇప్పుడు రెక్కల పురుగొకటి తెగులు మోసుకొచ్చి దుంపలో తీపిని తగ్గిస్తోందని రైతులు బెంగ పెట్టుకున్నారు.

మన శెనక్కాయ రైతు విషయానికొస్తే, మన దేశం 1994లో పామోలిన్ దిగుమతిని ప్రైవేటు వ్యాపారులకు తెరిచింది. తర్వాత్తర్వాత సుంకం తగ్గినప్పుడల్లా ఆ నూనె శెనక్కాయ నూనెను వంటింట్లోంచి నెట్టుకుంటూ వచ్చింది. పట్నంలో నూనె చవకైందని అందరూ మెచ్చుకున్నారు. దాని భారం వానను నమ్మి విత్తినవాడి మీద ఎంత పడిందో అంతగా ఎవరూ లెక్క కట్టలేదు. పామాయిల్ సుంకం మారిందన్న వార్త చదివినప్పుడల్లా నేను ఇంటికి ఫోన్ చేసి మా తమ్ముణ్ణి, కదిరిలో శెనక్కాయ క్వింటాలు ఎంత పలుకుతోందని అడుగుతాను.