హేలీ చేతిలో కరక్కాయ

ఎడ్మండ్ హేలీ అనగానే తోకచుక్క గుర్తొస్తుంది. అది మళ్లీ వస్తుందని ముందే లెక్కకట్టి చెప్పాడు. ఆయన పోయాక 1758లో అది నిజంగానే వచ్చింది. ఆ హేలీయే 1730ల మొదట్లో లండన్ రాయల్ సొసైటీ పత్రికకు ఒక చిన్న వ్యాసం అందించాడు. అందులో బెల్లం ఉంది, కరక్కాయ ఉంది, ఉడకబెట్టి జిగురు తీసిన పప్పుధాన్యం ఉంది. రాసింది ఐజాక్ పైక్, సెయింట్ హెలీనా ద్వీపానికి ఈస్టిండియా కంపెనీ గవర్నరు. మద్రాసులో మేలురకం గార ఎలా కలుపుతారో అందులో వివరించాడు.

స్నానాలగదిలో గోడా నేలా కలిసే మూలల్లో, టైళ్ల సందుల్లో, నీళ్లు దిగకుండా మనుషులు ఇన్నాళ్లూ ఏం పూశారో వెతుకుతుంటే ఈ వ్యాసం ఎదురైంది. ఆకాశంలో తోకచుక్కల దారి చూసినవాడు, మన తాపీ మేస్త్రీల కరక్కాయ కషాయాన్ని లండన్ పండితుల బల్లమీద పెట్టాడన్న సంగతి నాకు పట్టరాని సంతోషం ఇచ్చింది. న్యూటన్ అధ్యక్షుడిగా పనిచేసిన సంస్థ అది. ఆ పత్రిక పుటల్లోకి సున్నం గానుగ దగ్గర చెమటోడ్చినవాళ్ల విద్య ఎక్కింది, వాళ్ల పేర్లు మాత్రం ఎక్కలేదు.

ఆ విద్య సంగతి కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. సున్నపురాయినో సముద్రపు గుల్లనో బట్టీలో కాల్చి, నీళ్లు పోసి చల్లార్చి, ఇసుకతో కలిపి, గుండ్రటి కాలువలో రాతి చక్రం తిప్పుతూ నలగ్గొడతారు. తెలంగాణలో దీన్నే డంగు సున్నం అంటారు. నలిగినకొద్దీ అది వెన్నలా మెత్తబడుతుంది. అందులో బెల్లం నీళ్లు పోస్తారు. చక్కెర సున్నాన్ని ఎక్కువగా కరిగిస్తుంది, గార త్వరగా బిగుసుకోకుండా ఆపుతుంది, తక్కువ నీళ్లతోనే కలిపేందుకు వీలిస్తుంది. నీళ్లు తక్కువైతే ఆరాక మిగిలే రంధ్రాలూ తక్కువే. కరక్కాయలోని వగరు, పప్పుధాన్యపు జిగురు దాన్ని ఇంకా దగ్గరపరుస్తాయి. పై పూతకైతే మద్రాసులో గుల్ల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, నెయ్యి, పెరుగు కూడా కలిపేవాళ్లు. నునుపురాయితో రుద్ది రుద్ది పాలరాయి మెరుపు తెచ్చేవాళ్లు. పాత మద్రాసు మేడల స్తంభాలు చూసిన దొరలు వాటిని పాలరాయే అనుకున్నారంటే, అది ఆ చేతుల గొప్పతనం.

నేల గచ్చుకైతే పూత పూసి వదిలేయడం కుదరదు. ఇటుక ముక్కలు, సున్నం కలిపి పరిచి, బెల్లం కరక్కాయ నీళ్లు చిలకరిస్తూ, ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్కలతో కొట్టాలి. గంట కాదు, పూట కాదు, రోజుల తరబడి. చెక్క దెబ్బకు నేల మీద అచ్చు పడకుండా, చెక్కే ఎగిరిపడే దాకా కొట్టాలి. మద్రాసు మిద్దెలన్నీ అలా కొట్టినవే. స్నానాల అరుగులూ అలా కొట్టినవే. మా అమ్మమ్మగారి ఊళ్లో పెరటి స్నానాలగది అరుగు అటువంటిదే. అరుగు, దాని చుట్టూ జానెడు ఎత్తు అంచు, గోడ మొదలు, అంతా ఒకే గచ్చు. మూల దగ్గర గోడ నేలలోకి వంపు తిరిగి దిగేది. పిల్లలం ఆ వంపులో జారుతూ ఆడుకునేవాళ్లం. ఆ అరుగు కట్టిన మేస్త్రీ వాటం చూడటానికి బద్దలూ మట్టాలూ వాడలేదని అమ్మమ్మ చెప్పేది. చెంబెడు నీళ్లు ఒంపి, అవి తూము దాకా ఎక్కడా ఆగకుండా వెళ్లాయా లేదా అని కూర్చుని చూసేవాడట. ఆగితే ఆ మేరకు తవ్వి మళ్లీ కొట్టించేవాడు.

ఆ అరుగులో అతుకు లేదు. అతుకు లేనిచోట నీళ్లు దిగే దారీ తక్కువే. ఇది రాస్తున్నకొద్దీ నాకు బలపడిన సంగతి ఇదే: వీలైనచోట పాతవాళ్లు అతుకుకు మందు వెతకలేదు, అసలు అతుకు పడకుండా కట్టారు.

గోల్కొండలో మరో రకం పని కనిపిస్తుంది. కోట పైదాకా నీళ్లు ఎక్కించడానికి గోడల్లో మట్టి గొట్టాలు పొదిగారు. ఇప్పటికీ గోడ విరిగినచోట ఆ గొట్టాల నోళ్లు కనిపిస్తాయి. గొట్టానికీ గొట్టానికీ మధ్య అతుకు తప్పదు కాబట్టి, ఆ అతుకును గోడ మందంలోనే, సున్నం మధ్యలోనే దాచేశారు. కోటకు దగ్గర్లోనే కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఒక హమ్మాము ఉంది. రాజకుటుంబీకుల పార్థివ దేహాలకు ఖననానికి ముందు స్నానం చేయించిన చోటు. ఆ ఆవరణలో 2013 నుంచి జరిగిన పునరుద్ధరణలో ఇరవయ్యో శతాబ్దంలో పులిమిన సిమెంటును గీకి తీసేశారు. దాని చోట మళ్లీ సున్నం పెట్టారు. సిమెంటు చెమ్మను గోడలోనే బంధిస్తుంది, సున్నం ఊపిరి పీల్చి వదులుతుంది. ఆ పని చేయడానికి సున్నం పని తెలిసిన చేతుల్ని వెతికి, కొత్తవాళ్లకు నేర్పించి పనిలోకి దించాల్సి వచ్చింది. మూడు తరాల కింద ప్రతి ఊళ్లో ఉన్న పనితనం అది.

రోమన్ల వంటకం కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. గొట్టాల అతుకులకు సున్నంలో నూనె కలిపి పూయమని విట్రూవియస్ రాశాడు. ప్లినీ అయితే అప్పుడే కాల్చిన సున్నాన్ని ద్రాక్షసారాయిలో చల్లార్చి, పందికొవ్వు, అత్తిపండ్లతో కలిపి దంచే పూత ఒకటి చెప్పాడు. మనకు కరక్కాయ, వాళ్లకు అత్తిపండు. స్నానాల తొట్లకు వాళ్లు కుండపెంకుల పొడి కలిపిన గార వాడారు, మన ఇటుక పొడి సుర్కీకి అది దగ్గరి చుట్టం.

రోమన్ కాంక్రీటులో చిన్న చిన్న తెల్లటి సున్నపు గడ్డలు కనిపిస్తాయి. సరిగ్గా కలపకపోవడం వల్ల మిగిలాయని చాలాకాలం అనుకున్నారు. 2023లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకుల బృందం వాటి గుట్టు బయటపెట్టింది. కాంక్రీటు చిట్లి, పగుల్లోకి నీళ్లు దిగితే, ఆ గడ్డల్లోని సున్నం కరిగి, పగుల్లోనే మళ్లీ రాయిగా గడ్డకడుతుంది. వాళ్లు అలాంటి దిమ్మలు చేసి, కావాలని పగలగొట్టి, నీళ్లు పారించి చూశారు. రెండు వారాల్లో పగులు పూడిపోయి నీటిధార ఆగింది. తన పగులును తానే మూసుకునే గోడ! మన గచ్చులోనూ సన్నటి నెర్రెలు సున్నం కరిగి పేరుకోవడం వల్ల అలాగే పూడుకుంటాయి. మనం సిమెంటుకు మారినప్పుడు వదులుకున్నది ఇదీ.

ఇంకా వెనక్కి వెళ్తే మొహెంజొదారో. అక్కడి మహాస్నానవాటిక 1925-26లో జాన్ మార్షల్ పర్యవేక్షణలో బయటపడింది. సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు, నాలుగున్నర వేల ఏళ్ల వయసు. ఇటుకల్ని సానబట్టి, అంచు మీద నిలబెట్టి, జిప్సం గారతో సందు కనబడనంత దగ్గరగా పేర్చారు. జిప్సంకు ఒక లోపం ఉంది: నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతుంది. దానికి వాళ్లు చేసిన ఉపాయం చదివినప్పుడు చాలాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. నీళ్లు తగిలే గోడ వెనకాల, అంగుళం మందాన సహజమైన తారు పొర పెట్టారు. ఆ తారు జారిపోకుండా దాని వెనక మరో పలుచటి ఇటుక గోడ, ఆ వెనక పచ్చి ఇటుకల పేర్పు. నీటిని ఆపేది కంటికి కనపడదు, కాలికి తగలదు, ఎండకు మాడదు. నేల మాత్రం ఒక మూలకు వాటంగా ఉంటుంది. ఆ నగరంలో మామూలు ఇళ్ల స్నానాలగదులూ వీధి గోడ పక్కనే, దగ్గరగా పేర్చిన ఇటుక నేలతో, తూము వైపు వాటంతో ఉంటాయి. ఇవాళ కొన్ని అపార్టుమెంట్లలో పై అంతస్తు బాత్రూము కింద ఎవరి వంటిల్లో పడకగదో ఉంటుంది. గదుల్ని ఎక్కడ పెట్టాలన్న విషయంలో సింధు ప్రజలు మనకన్నా తెలివిగా ఆలోచించారనే అంటాను.

పడవల వాళ్ల సంగతి ఒక్క మాటలో చెప్పి వదలలేను గానీ ఇక్కడ చోటు లేదు. గోదావరి పాయ ఒడ్డున కోరంగి, తాళ్లరేవుల్లో ఓడలు కట్టినవాళ్లకు పలకల సందే ప్రాణం. మన తీరాల్లో సందుల్లోకి పీచో దూదో కూరి, పైన గుగ్గిలం నూనెలో కాచి పోసేవాళ్లు. తర్వాత ఇనప గొట్టాలు వచ్చినప్పుడు ప్లంబర్లు చేసిందీ అదే: మరల మీద జనపనార దారం చుట్టి, సఫేదా పూసి బిగించడం. సఫేదా సీసపు విషం. 1938లో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనిపెట్టిన టెఫ్లాన్, తెల్లటి టేపు రూపంలో వచ్చి దాన్ని చాలావరకు తప్పించింది.

మళ్లీ గచ్చు దగ్గరికి వస్తే, 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. రోజుల తరబడి కొట్టే పని గంటల్లోకి వచ్చింది. తర్వాత టైళ్లు వచ్చాయి. గచ్చు ఒకే ముక్క, టైళ్లు వందల ముక్కలు. ప్రతి ముక్క చుట్టూ నాలుగు సందులు. శుభ్రంగా కనిపించాలని మనం కోరుకున్న నేల, ముందు ఒక్కటీ లేని చోట వందల అతుకులు తెచ్చిపెట్టింది. సందుల్లో వైట్ సిమెంటు నింపుతాం. ఆరినప్పుడు అది కుంచించుకుంటుంది, కొంచెం కదిలినా చిట్లుతుంది. పైగా ప్రతి ఆదివారం యాసిడ్ పోసి కడిగే అలవాటు ఒకటి. ఆ యాసిడ్ టైలును పెద్దగా ఏమీ చేయదు, సందులోని సిమెంటును మాత్రం తినేస్తుంది.

చివరికి సిలికాన్. నాటింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ కిప్పింగ్ 1899 ప్రాంతం నుంచి దశాబ్దాల పాటు సిలికాన్ సమ్మేళనాల మీద పనిచేశాడు. పాత్రల అడుగున మిగిలే జిగట బంక ఆయనకు చికాకు. 1937 ఉపన్యాసంలో, ఈ రంగంలో దగ్గర్లో పెద్ద ముందడుగు పడే ఆశ కనబడటం లేదన్నాడు. మూడేళ్లకే జనరల్ ఎలక్ట్రిక్‌లో యూజీన్ రోఖో, ఆ బంకకు మూలపదార్థాన్ని చవగ్గా తయారుచేసే దారి కనుక్కున్నాడు. 1943లో డౌ కార్నింగ్ సంస్థ పుట్టింది. యుద్ధవిమానాల ఇంజన్లలో తేమ చేరకుండా ఆపడం దాని తొలి పని. 1969లో చంద్రుడి మీద మోపిన బూట్ల అడుగుభాగం సిలికాన్ రబ్బరే. ఇప్పుడు అది హార్డ్‌వేర్ దుకాణాల్లో గొట్టాల్లో దొరుకుతోంది. పూసినప్పుడు వచ్చే వెనిగర్ వాసన, అది గట్టిపడుతూ వదిలే ఎసిటిక్ ఆమ్లానిది. నీటిని ఆపాల్సిన ఆ పదార్థం గట్టిపడటానికి గాలిలోని తేమే కావాలి. గచ్చు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి రాయి అయింది, సిలికాన్ తేమను పీల్చి రబ్బరు అవుతోంది.

దాని బలం సాగడంలో ఉంది. గోడ ఒకవైపు, నేల ఒకవైపు కదిలే మూలలో సిమెంటు చిట్లుతుంది, సిలికాన్ సాగుతుంది. అందుకు అది రెండు వైపుల అంచులకే అంటుకోవాలి, అడుగునా అంటుకుంటే సాగలేక చిరుగుతుంది. ఆరిన సిలికాన్ మీద కొత్త సిలికాన్ పట్టదు. పాతది బ్లేడుతో పూర్తిగా గీకి, నూనె సబ్బు మరకలు తుడిచి, రోజంతా ఆరనిచ్చి పూస్తేనే నిలుస్తుంది. పాతదాని మీదే ఇంకో గీత గీసి వెళ్లిపోయే పని ఎక్కువ చోట్ల చూస్తున్నాను. అది డబ్బులు పారేయడమే. బాత్‌టబ్ అంచుకైతే ముందు టబ్బు నిండా నీళ్లు నింపి, ఆ బరువుకు సందు ఎంత తెరుచుకుంటుందో అంత తెరుచుకున్నాక పూయాలి.

అయినా పైన గీసే ఆ గీత రెండో కాపలాదారే. మొదటిది టైలు కింద ఉండాలి: సన్‌కెన్ స్లాబు (బాత్రూము మేర కిందికి దించి పోసిన స్లాబు) మీద వాటర్‌ఫ్రూఫింగ్ పూత, అది గోడ మీదకు జానెడు ఎక్కడం, తూము వైపు వాటం, తూము నోటి దగ్గర పెట్టే నహానీ ట్రాప్ చుట్టూ గట్టి కూర్పు. టైళ్లు వేయకముందే తూము మూసి, నీళ్లు నిలబెట్టి, ఒకటి రెండు రోజులు కింది అంతస్తు పైకప్పు చూడాలి. కొత్త ఇల్లు కట్టించుకునేవాళ్లు ఆ రెండు రోజులు ఎవరెంత తొందరపెట్టినా వదులుకోవద్దు. టైలు పడ్డాక చెమ్మ కనబడితే, చాలాసార్లు పగలగొట్టడం తప్ప దారి మిగలదు.