కాలువ కట్టకుండ పూడిక తీయుట

దుగ్గిరాల లాకులకడ నిలిచి చూచినవారికి కృష్ణ పశ్చిమ డెల్టా స్వరూపము కొంత బోధపడును. బెజవాడకడ 1855లో పూర్తియైన ఆనకట్ట నాటినుండియు, 1957లో దాని స్థానమున నిలిచిన ప్రకాశం బ్యారేజి నుండియు వచ్చు నీరు ఇచ్చట చీలి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల పొలములకు పోవును. నీటితోపాటు ఒండ్రు వచ్చును. కాలువలో తూడు పెరుగును. అందుచేత వేసవిలో కాలువలు కట్టివేసి పూడిక తీయుట ఈ సీమలో ఆనవాయితీ. పైరు లేని కాలము కనుక రైతు దానిని సహించును. నాట్లు పడుచున్నవేళ అదే పనికై కాలువ కట్టివేసినచో చివర భూముల రైతు గతి యేమి? పారుచున్న కాలువలోనే, పారుదల ఆపకుండ, పూడిక తీయగల ఉపాయము కలదా?

కంప్యూటరుల చరిత్రలో ఇట్టి ప్రశ్నయే ఉదయించినది. కంప్యూటరు తాను చేయు ప్రతి పనికిని తన మెమరీలో, అనగా జ్ఞాపకకోశములో, కొంత చోటు వాడుకొనును. పని తీరిన పిమ్మట ఆ చోటు వృథాగా పడియుండును. తొలిరోజులలో దానిని విడిపించు బాధ్యత ప్రోగ్రాము వ్రాసినవానిదే. మరచినచో కోశము నిండిపోవును. తొందరపడినచో, ఇంకను అవసరమైన సమాచారము చెరిగిపోవును.

అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయములో జాన్ మెకార్తీ లిస్ప్ అను భాషను నిర్మించుచు, 1959 ప్రాంతమున ఆ బాధ్యతను యంత్రమునకే అప్పగించెను. చోటు చాలనప్పుడు యంత్రము చేతిలోని పని ఆపి, వాడుకలోనున్న సమాచారమునకు వరుసగా గుర్తులు పెట్టుకొని పోవును. గుర్తు పడనిదానిని చెత్తగా ఎంచి ఆ చోటును తిరిగి గ్రహించును. ఈ ప్రక్రియకు ‘చెత్త సేకరణ’ అని పేరు. 1960 నాటి వ్యాసములో ఆ మాట వాడుటకు తాను వెనుదీసితినేమోయని మెకార్తీయే తరువాత చమత్కరించెను.

ఆ రోజులలో జరిగిన ఒక ప్రదర్శనను కూడ ఆయన వర్ణించియున్నాడు. పరిశ్రమల ప్రతినిధుల యెదుట లిస్ప్ చక్కగా నడుచుచుండగా హఠాత్తుగా చోటు చాలలేదు. చెత్త సేకరించువాడు ప్రవేశించినాడనియు, లెక్కలు ఇవియనియు, టైపు యంత్రము సెకనునకు పది అక్షరముల చొప్పున కొట్టసాగెను. మిగిలిన సమయమంతయు దానికే సరిపోవునట్లు తోచెను. ఉపన్యాసకుడును సభికులును నవ్వాపుకొనలేకపోయిరి.

అక్కడ నవ్వుతో పోయినది. కాని టెలిఫోను ఎక్స్ఛేంజివలె వేలాదిమంది పనులు ఒక్కసారిగా నడుచుచోట కొన్ని సెకనుల విరామము నవ్వులాట కాదు. పని ఆపకుండ చెత్త తీయవలెను. అందలి చిక్కు ఎట్టిదో ఒక పెండ్లివారింట చూడవచ్చును.

పాత్రలు అద్దెకు తెచ్చినవి. వాడుక తీరినవానిని తిరిగి పంపుటకు ఒక పెద్దను నియమించిరి. ఆయన గదిగదికి పోయి, వాడుకలోనున్న ప్రతి పాత్రమీదను సుద్దగీత గీయును. అన్నియు చూచిన పిమ్మట గీతలేని పాత్రలను బండికెక్కించును. వంటలు ఆపించి చూచినచో పొరపాటు రాదు. కాని వంటలు సాగుచుండగనే చూడవలెను. ఆయన పందిరి చూచుట ముగించి పెరటికి పోవులోపల, వంటవాడొకడు పెరటిలోని పాయసపు గుండిగను మరొక త్రోవన పందిరిలోనికి తెచ్చెను. పెరటిలో గుండిగ కానరాదు. పందిరి చూచుట అయినది. గీత పడలేదు. పాయసముతో సహా గుండిగ బండి యెక్కును!

గై స్టీల్ 1975లోను, డైక్‌స్ట్రా, లాంపోర్ట్ మొదలగు ఐదుగురు 1978లోను ప్రకటించిన వ్యాసములు ఈ చిక్కును ఎదుర్కొన్నవి. డైక్‌స్ట్రా బృందము చెప్పిన మార్గము సులభముగా కనబడును: పాత్రను కదల్చినవాడే దానిమీద గీత గీయవలెను. కాని అది నిర్దోషమని నిరూపించుట సులభము కాలేదు. వారములపాటు సరియైనవిగా తోచిన పథకములు కూడ నిరూపణకు పూనుకొన్నంతనే తప్పులుగా తేలినవని వారే వ్రాసిరి. గీత పడిన పిమ్మట ఖాళీయైన పాత్ర ఆ పూటకు మిగిలిపోవచ్చును. మరుసటి తనిఖీలో పోవును. పాయసము మాత్రము పోరాదు. చెత్త కొంత నిలిచినను సరియే, పనికివచ్చునది చెడరాదను నీతి ఇందు కలదు.

స్వీడను దేశమున ఎరిక్సన్ టెలిఫోను సంస్థలో 1986లో మొదలైన ఎర్లాంగ్ భాష వేరొక త్రోవ తొక్కినది. అందు ప్రతి పనికిని తన కోశము తనదే. ఎవరి వాకిలి వారే ఊడ్చుకొందురు. ఒక వాకిలి ఊడ్చునపుడు పొరుగింటి పని ఆగదు. అయితే పొరుగువానికి కబురు పంపవలెనన్న, సాధారణముగా దానికి నకలు తీసి ఈయవలెను. గో భాష ఉమ్మడి కోశమునే నిలుపుకొని, 2015లో విరామమును సెకనులో నూరవ వంతుకు లోబరచినది; 2017 నాటికి అది తరచుగా పదివేలవ వంతుకు తగ్గినది. ఇదియు ఉచితము కాదు. చోటు కొంత అదనముగా ఉంచవలెను. పనివాడు వ్రాసిన ప్రతిసారియు కొంత శ్రమ పడవలెను.

తెనాలిలో టికెట్టు కొనువారును, బాపట్లలో బ్యాంకు పని చూచుకొనువారును ఈ ఊడ్పును ఎరుగరు. ఎరుగకుండుటయే దాని విజయము. శుభ్రత శుభ్రము చేయువాని పని మాత్రమేయని తలచినంతకాలము కాలువ కట్టక తప్పలేదు. పనిచేయువాడును ఒక్కొక్క సుద్దగీత గీయుటకు ఒప్పుకొన్ననాడు నీరు ఆగనక్కరలేకపోయినది.