నిప్పుకు అప్పగించిన సంసారం



మన వంటింట్లో ఆవకాయ జాడీ ఉంటుంది చూశారూ, దాన్నొకసారి చేత్తో తడిమి చూడండి. గాజులా నున్నగా జారిపోతూ ఉంటుంది. లోపలున్నది మట్టే. పైనున్నది మెరుగు పూత, దాన్నే గ్లేజు అంటారు. ఆ పూత ఉండబట్టే ఊట ఇంకిపోకుండా, ఉప్పూ పులుపూ జాడీని తినెయ్యకుండా ఏడాది పొడుగునా ఊరగాయ నిలవుంటోంది. ఈ పూత కోసం వెనకటికి ఒక సంసారం ఎంత నలిగిపోయిందో ఈవేళ మీతో చెప్పాలని ఉంది.

"కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అని మనవాళ్ల సామెత. ఏడాది పాటు చేసిన కుండలకి ఒక్క కర్రదెబ్బ చాలునన్న మాట. నిజానికి గుదియ దాకా ఎందుకండీ? ఆవమే ఆ పని చేస్తుంది. మట్టిలో రవ్వంత తడి మిగిలినా వేడికి ఆవిరై పాత్ర పగిలిపోతుంది. మట్టి ముడుచుకునే తీరూ, పూత ముడుచుకునే తీరూ కలవకపోతే పైన సన్నని బీటలు వచ్చేస్తాయి. రంగు సంగతి మరీ వింత. రాగి కలిపిన పూత గాలి బాగా ఆడే మంటలో పచ్చగా దిగుతుంది, గాలి చాలని పొగమంటలో ఎర్రగా మారుతుంది. గారె వేగిందో లేదో మనం బాణలిలోకి తొంగిచూసి చెప్పగలం. ఆవం మూసేశాక ఆ వీలు లేదు. చల్లారి తెరిచాకే తెలుస్తుంది, మన కష్టం మిగిలిందో బుగ్గయిందో.

ఫ్రాన్సు దేశంలో బెర్నార్ పాలిసీ అని ఒకాయన ఉండేవాడు. 1510 ప్రాంతాల పుట్టాడు. అద్దాల మీద బొమ్మలు వెయ్యడం ఆయన వృత్తి. సాంత్ అనే ఊళ్లో కాపరం పెట్టాడు. పెళ్లాం, పిల్లలు. ఉన్నంతలో గడిచిపోతున్న సంసారం. ఒకనాడు ఆయనకి ఎవరో మెరుగు పూత పూసిన మట్టి కప్పు ఒకటి చూపించారు. అంతే, ఇహ ఆయనకి నిద్ర లేదు. ఆ పూత రహస్యం ఎలాగైనా పట్టుకోవాలనుకున్నాడు. మట్టిని గురించి ఆయనకి ఓనమాలు కూడా తెలియవు. చీకట్లో తడుముకునేవాడిలా వెతికానని తనే రాసుకున్నాడు.

కుండలు కొని పెంకులుగా పగలగొట్టేవాడు. ఒక్కో పెంకు మీద ఒక్కో మందు రాసి, గుర్తు పెట్టి, కాగితం మీద రాసుకుని కాల్చేవాడు. ఏళ్లు గడిచాయి గాని ఏదీ సరిగా రాలేదు. మధ్యలో రాజుగారి పన్నుల వాళ్లు ఉప్పు మళ్లు కొలిచే పని ఇచ్చారు. నాలుగు డబ్బులు చేతికి రాగానే మళ్లీ ఆ పెంకుల పనే! చివరికి మూడువందల పైచిలుకు పెంకులు ఒకేసారి కాల్చిన ఒకనాడు, అందులో ఒకే ఒక్కటి తెల్లగా, నిగనిగలాడుతూ వచ్చింది. ఆయన సంతోషం ఇంతా అంతా కాదు.

అసలు కష్టాలు ఆ తరవాతే మొదలయ్యాయి. ఇటుకలు వీపున మోసుకొచ్చి సొంతంగా బట్టీ కట్టుకున్నాడు. ఏడెనిమిది నెలలు పాత్రలు చేశాడు. ఆరు రోజులు, ఆరు రాత్రులు మంట పెట్టినా పూత కరగలేదు. పూత పాళ్లు మార్చి మళ్లీ మొదలుపెట్టేసరికి కట్టెలు అయిపోయాయి. తోటలోని పందిరి గుంజలు పీకి పొయ్యిలో పెట్టాడు. అవీ అయిపోయాయి. ఇంట్లో బల్లలు విరిచాడు. చివరికి ఇంటి నేలకి పరిచిన చెక్కలు కూడా ఊడబెరికి మంటలో వేశాడు!

ఈ కథని పట్టుదలకి ఉదాహరణగా చాలా పుస్తకాల్లో చెబుతారు. శామ్యూల్ స్మైల్స్ 1859లో అచ్చువేసిన 'సెల్ఫ్ హెల్ప్'లో కూడా బల్లలు తగలబెట్టగానే పూత కరిగినట్టు, విజయం లభించినట్టు ఉంటుంది. పాలిసీ స్వయంగా 1580లో ప్రకటించిన పుస్తకంలో ఆ చోట సంబరమేమీ కనపడదు. నోట చెప్పలేని వేదన కనపడుతుంది. నెలకి పైగా ఒంటిమీద చొక్కా ఆరలేదట. ఊళ్లో ఎక్కడ చూసినా అప్పులే. దొంగనాణేలు చేస్తున్నాడని కూడా అన్నారట.

మరి ఇంటావిడ మాటేమిటి? ఇంటి నేల చెక్కలు తగలబెట్టేస్తున్నాడని తనకి సాయపడవలసినవాళ్లే ఊరంతా చెప్పుకుంటూ తిరిగారని ఆయన నిష్ఠూరంగా రాశాడు. ఆవిడ పేరు మాత్రం రాయలేదు. ఇద్దరు పసిబిడ్డలు పాలదాదుల దగ్గర ఉన్నారనీ, ఆ దాదులకి జీతం ఇవ్వలేకపోయాననీ ఆయనే ఒప్పుకున్నాడు. ఇప్పుడు చెప్పండి, అన్నం తినే బల్ల పొయ్యిలో పోతూంటే ఏ ఇల్లాలు నోరు మూసుకుని కూర్చుంటుంది? ఆవిణ్ణి గయ్యాళిగా చూపించిన రచయితలున్నారు గాని, ఆవిడ పక్షాన ఆలోచించినవాళ్లు అరుదు.

ఇంకో ముచ్చట వినండి. మరోసారి అప్పు తెచ్చి బట్టీ నింపాడు. ఈసారి పూత చక్కగా కరిగింది. కాని బట్టీ కట్టిన అడుసులో చెకుముకి రాళ్లున్నాయి. వేడికి అవి చిట్లి, ముక్కలు ఎగిరి, కరిగిన పూతకి అంటుకున్నాయి. చెయ్యి పెడితే కోసుకుపోయేట్టు తయారయ్యాయి పాత్రలు. పోనీ తక్కువ ధరకి ఇమ్మని అడిగినవాళ్లున్నారు. పాడు సరుకు అమ్మితే పేరు పోతుందని ఆయన అన్నీ పగలగొట్టేశాడు. కళాకారుడిగా అది గొప్ప మాటే. బాకీ కోసం వచ్చి కూర్చున్నవాళ్లకి, ఇంట్లో ఎదురుచూస్తున్న ఆవిడకి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

ఇలా పదిహేను, పదహారేళ్లు గడిచాక గాని పని పట్టుబడలేదు. పాములు, బల్లులు, చేపలు, నాచు నిజంగా కదులుతున్నాయా అన్నట్టుండే పళ్లేలు చేశాడు. రాణి కాథరిన్ ద మెదీచీ పారిస్‌కి పిలిపించుకుంది. అయినా నిశ్చింత దొరకలేదు. ప్రొటెస్టెంటు మతం వదలనన్నందుకు 1588లో ఖైదు చేశారు. 1590 ప్రాంతాల బాస్తీల్ జైల్లోనే పోయాడు.

దీనికి పక్కన ఒక స్త్రీ కథ కూడా పెట్టి చూద్దాం. లూసీ రీ అనే ఆవిడ 1902లో వియన్నాలో పుట్టారు. 1937లో పారిస్ ప్రదర్శనలో వెండి పతకం గెలుచుకున్నారు. మరుసటి ఏడే హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. యూదుల ఇంటి ఆడపడుచు కావడంతో ఆవిడ లండన్‌కి వెళ్లిపోవలసి వచ్చింది. కొద్దికాలానికే పెళ్లి కూడా రద్దయింది. వియన్నాలో సంపాదించుకున్న పేరు లండన్‌లో పనికి రాలేదు. ఆవిడ పాత్రలు మరీ పల్చగా ఉన్నాయని అక్కడి ప్రసిద్ధుడు బెర్నార్డ్ లీచ్ పెదవి విరిచాడు.

ఆవిడ ఏం చేశారో తెలుసా? గుండీలు చేశారు! ఫ్యాషన్ దుస్తుల వాళ్లు గుడ్డముక్క తెస్తే, దానికి సరిపోయే రంగు పూతతో మట్టి గుండీలు చేసి ఇచ్చేవారు. ఆ గుండీలే ఇంటి ఖర్చు, బట్టీ ఖర్చు నడిపాయి. 1946లో ఆ పనిలో సాయానికి వచ్చిన హాన్స్ కోపర్ అనే యువకుడు తరవాత తనే పెద్ద కళాకారుడయ్యాడు. మీ ధోరణి మీరు వదలకండి అని ఆవిడకి ధైర్యం చెప్పినవాడు అతనే. తరవాత కాఫీ సెట్లు, గిన్నెలు చేశారు. 1960 నుంచి కొన్నేళ్లు పాఠాలు కూడా చెప్పారు. 1991లో ఇంగ్లండు ప్రభుత్వం 'డేమ్' బిరుదు ఇచ్చింది. 1995లో కన్నుమూశారు. ఆవిడ పనిగదిని లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మళ్లీ అమర్చారు. ఒకప్పుడు పొట్టకోసం చేసిన గుండీలను ఇప్పుడు కళాఖండాలుగా దాచుకుంటున్నారు.

పాలిసీ తక్కువవాడని నేననడం లేదు. ఆవంలో ఏం జరుగుతుందో ఆయన చేతిలోనూ లేదు, ఆవిడ చేతిలోనూ లేదు. ఆయన ఆ అనిశ్చితిని ఇంటిల్లిపాది నెత్తినా పెట్టాడు. ఆవిడ గుండీలు కుట్టుకున్నట్టు దాన్ని కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చారు.

మీ అమ్మాయో, అబ్బాయో మట్టి బొమ్మలు చేస్తాను, ఇదే నా బతుకు అంటే వెంటనే కసరకండి. అలాగని కళ్లు మూసుకుని సరే అనీ అనకండి. నీ 'గుండీలు' ఏమిటమ్మా అని మాత్రం అడగండి. ఇంకొక్క మాట. ఎగ్జిబిషన్‌లో మట్టి పూలకుండీ బేరమాడేటప్పుడు, ఆ ధరలో ఆవంలో పగిలిపోయిన నాలుగింటి ఖరీదు కూడా కలిసుందని గుర్తుంచుకోండి. బేరం మానమనను, మరీ సగానికి అడగకండి!